ట్యాంకులో తుప్పు: పాత మోటార్‌సైకిళ్ల మరమ్మతు చరిత్ర

పాత మోటార్‌సైకిల్ మీద అన్నిటికంటే ఆలస్యంగా కంటపడే తుప్పు పెట్రోల్ ట్యాంకు లోపలిది. పైన రంగు మెరుస్తూనే ఉంటుంది, పక్కన గీసిన బంగారు గీత చెక్కుచెదరదు. బండి మాత్రం నాలుగు కిలోమీటర్లు పోయి ఆగిపోతుంది. కార్బొరేటర్ విప్పితే ఫ్లోట్ గిన్నె అడుగున ఎర్రమన్ను లాంటి మెత్తటి పొడి, జెట్ రంధ్రానికి అడ్డుపడిన చిన్న పెంకు దొరుకుతాయి. ట్యాంకు మూత తీసి లోపలికి లైటు వేస్తే గోడల నిండా గోధుమ రంగు పొక్కులు కనిపిస్తాయి. ఈ తుప్పు వదిలించే పనికి మోటార్‌సైకిల్‌కు ఉన్నంత చరిత్ర ఉంది. ట్యాంకును ఏ రేకుతో చేశారు, ఏ అతుకు వేశారు అన్న దగ్గర మొదలై, అందులో ఏ పెట్రోలు పోశారు, ఏ ఆమ్లంతో కడిగారు అన్న దాకా ఆ చరిత్ర సాగుతుంది. తుప్పుతోపాటు ఇనుమునూ తినేసే పద్ధతుల నుంచి, తుప్పును తీసి ఇనుమును మిగిల్చే పద్ధతుల వైపు అది నడిచింది.

రేకు, అతుకు

1885లో జర్మనీలో గాట్‌లీబ్ డైమ్లర్, విల్‌హెల్మ్ మేబాక్ కలిసి చేసిన చెక్క చట్రపు బండిని తొలి పెట్రోలు మోటార్‌సైకిల్‌గా లెక్కిస్తారు. 1894లో మ్యూనిక్‌లో హిల్డెబ్రాండ్, వోల్ఫ్‌ముల్లర్ సంస్థ మోటార్‌సైకిళ్లను వరుసగా తయారుచేసి అమ్మడం మొదలుపెట్టింది. 20వ శతాబ్దం తొలి రెండు దశాబ్దాల్లో మోటార్‌సైకిల్ రూపం ఇంకా సైకిల్‌కు దగ్గరగానే ఉండేది. చట్రంలో పైనున్న రెండు గొట్టాల మధ్య పలక లాంటి సన్నటి ట్యాంకును బిగించేవారు. కళాయి పూసిన ఉక్కు రేకును కత్తిరించి, అంచులు మడిచి, టంకం వేసి దాన్ని చేసేవారు. చాలా ట్యాంకుల్లో లోపల అడ్డుగోడ ఉండేది. ఒక గదిలో పెట్రోలు, మరో గదిలో ఇంజిన్ ఆయిల్ పోసేవారు.

1920ల చివరికి ఈ పలక ట్యాంకు పోయి జీను ఆకారపు ట్యాంకు వచ్చింది. గుర్రం వీపు మీద జీను పరిచినట్టు అది చట్రపు పై గొట్టాన్ని కప్పుతూ రెండు వైపులా కిందికి దిగుతుంది. అడుగున మధ్యలో సొరంగం లాంటి గాడి, దానికి ఇరువైపులా రెండు బొజ్జలు ఉంటాయి. పెట్రోలు ఎక్కువ పట్టడానికి, బండి నిండుగా కనిపించడానికి ఈ రూపం బాగా కుదిరింది. తుప్పుకు కూడా ఇదే చోటిచ్చింది. చాలా బండ్లలో పెట్రోల్ కాక్ ఒక్క బొజ్జకే ఉంటుంది. రెండో బొజ్జ అడుగుకు చేరిన నీళ్లకు బయటికి దారి ఉండదు. కాక్ ఉన్న వైపు కూడా లోపలి గొట్టం అడుగు నుంచి కొంత పైకి లేచి ఉంటుంది కాబట్టి, దానికంటే కింద నిలిచిన నీరు అక్కడే ఉండిపోతుంది.

ఎలిహు థామ్సన్ 1880లలో అమెరికాలో రూపొందించిన విద్యుత్ నిరోధక వెల్డింగ్ వల్ల ట్యాంకు తయారీ మారింది. ప్రెస్సు కింద రెండు సగాలుగా వంచిన రేకులను చక్రాల మధ్య నడిపి, అంచు పొడవునా ఒకే అతుకుగా కలపడం సాధ్యమైంది. ఇలాంటి ట్యాంకుల రేకు మందం సాధారణంగా మిల్లీమీటరుకు అటూఇటూగా ఉంటుంది. సీసం, తగరం కలిపి పూసిన టెర్న్ రేకును పెట్రోలు ట్యాంకులకు ఎక్కువగా వాడారు. ఇత్తడి గిన్నెలో పులుసుకూ లోహానికీ మధ్య కళాయి ఎలా అడ్డుగా నిలుస్తుందో, ట్యాంకులో నీటికీ ఇనుముకూ మధ్య ఈ పూత అలా నిలుస్తుంది. దీనికి ఒక బలహీనత ఉంది. పూత మీద గీత పడి ఇనుము బయటపడితే, ఆ గీత దగ్గర తుప్పు ఇనుమును మామూలు కంటే వేగంగా తినేస్తుంది. తగరం, సీసం క్షేమంగా ఉండి, వాటి బదులు ఇనుము కరిగిపోవడమే దీనికి కారణం.

పెట్రోలు ఉన్న చోట తుప్పు ఎలా వస్తుంది

పెట్రోలు వల్ల ఇనుము తుప్పు పట్టదు. తుప్పుకు నీరు, ఆక్సిజన్ రెండూ కావాలి. ట్యాంకు మూతలో గాలి రంధ్రం ఉంటుంది. పెట్రోలు తగ్గేకొద్దీ ఆ రంధ్రం గుండా బయటి గాలి లోపలికి వస్తుంది. పగటి వేడికి ట్యాంకులోని గాలి వ్యాకోచించి బయటికి పోతుంది, రాత్రి చల్లబడినప్పుడు తేమతో కూడిన గాలి లోపలికి చేరుతుంది. ఆ తేమ చల్లని రేకు మీద బిందువులై కిందికి జారుతుంది. నీరు పెట్రోలు కంటే బరువైనది కనుక అడుగున చేరి కూర్చుంటుంది. సగం ఖాళీగా నెలల తరబడి నిలిపిన బండిలో ఇది రోజూ జరిగే పని. విశాఖపట్నం, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో గాలిలో ఉప్పు కూడా ఉంటుంది కాబట్టి పని ఇంకా త్వరగా జరుగుతుంది.

అడుగున నిలిచిన చిన్న నీటి మడుగు ఎందుకు రంధ్రం చేస్తుందో కేంబ్రిడ్జి శాస్త్రవేత్త యూలిక్ ఎవాన్స్ 1920లలో చూపించాడు. ఉక్కు మీద ఉప్పునీటి బొట్టు వేస్తే, బొట్టు అంచున ఆక్సిజన్ ఎక్కువగా, నడుమ తక్కువగా అందుతుంది. ఆ తేడా వల్ల బొట్టే ఒక చిన్న బ్యాటరీ అవుతుంది. నడుమ ఇనుము కరుగుతుంది, దాని చుట్టూ తుప్పు వలయంలా పేరుకుంటుంది. ట్యాంకు అడుగున జరిగేది ఇదే. అందుకే పై గోడల మీద తుప్పు పలచటి పొరగా ఉన్నా, అడుగున మాత్రం గుంటలు పడతాయి. తుప్పు తాను తిన్న ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, గుల్లగా ఉంటుంది, పెంకులై ఊడుతుంది. ఊడిన చోట కొత్త ఇనుము బయటపడి మళ్లీ తినడం మొదలవుతుంది.

మోటార్‌సైకిల్ కంటే పాత విద్య

తుప్పును ఆమ్లంతో తీసే విద్య మోటార్‌సైకిల్ కంటే చాలా పాతది. దాన్ని అభివృద్ధి చేసింది రేకులకు తగరం పూసే వృత్తి. ఇనుప రేకు మీద నల్లటి పొర కానీ తుప్పు కానీ ఉంటే తగరం అంటదు. బొహీమియా, శాక్సనీ ప్రాంతాల పనివాళ్లు ధాన్యపు పిండిని పులియబెట్టిన నీళ్లలో రేకులను నానబెట్టి శుభ్రం చేసేవారు. ఆండ్రూ యారంటన్ అనే ఆంగ్లేయుడు 1660లలో శాక్సనీ వెళ్లి ఆ పని చూసి వచ్చాడు. ఫ్రెంచి శాస్త్రవేత్త రేమూర్ 1725లో తగరపు రేకుల తయారీ గురించి రాశాడు. 1746లో బర్మింగ్‌హామ్‌లో జాన్ రోబక్ సీసపు గదుల్లో గంధకామ్లం తయారుచేసే పద్ధతి మొదలుపెట్టాక ఆ ఆమ్లం చవకైంది. తర్వాతి కాలంలో పులిసిన పిండినీళ్ల స్థానాన్ని ఖనిజ ఆమ్లాలు ఆక్రమించాయి. పని గంటల్లో ముగిసేది, కానీ ఆదమరిస్తే తుప్పుతోపాటు రేకూ కరిగేది.

తర్వాతి మలుపు ఫాస్ఫారిక్ ఆమ్లం. 1906లో బర్మింగ్‌హామ్‌లో థామస్ వాట్స్ కోస్లెట్ ఉక్కును ఫాస్ఫారిక్ ఆమ్లం, ఇనుప రజను కలిపిన వేడి ద్రావణంలో ముంచి బూడిద రంగు ఫాస్ఫేట్ పొరను ఏర్పరిచే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. అమెరికాలో అదే దారిలో 1915లో డెట్రాయిట్‌లో పార్కర్ సంస్థ మొదలైంది. ఈ ఆమ్లం తుప్పును కరిగిస్తుంది, మిగిలినదాన్ని ఫాస్ఫేట్‌గా మారుస్తుంది. ఆ పొర తుప్పులా గుల్లగా ఉండదు, రేకుకు గట్టిగా అంటుకుని కొంతవరకు రక్షణ ఇస్తుంది. ఢిల్లీ ఇనుప స్తంభం దాదాపు 1,600 ఏళ్లుగా నిలిచి ఉండటానికి కూడా ఇనుములోని భాస్వరం వల్ల ఏర్పడిన ఫాస్ఫేట్ పొరే కారణమని కాన్పూర్ ఐఐటీలో ఆర్. బాలసుబ్రమణ్యం చేసిన పరిశోధన చెబుతుంది.

భారతీయ బండ్లు, భారతీయ షెడ్లు

రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యం కోసం వచ్చిన బీఎస్ఏ ఎం20, నార్టన్ 16హెచ్ లాంటి బండ్లు యుద్ధం తర్వాత ప్రజల చేతికి వచ్చాయి. 1955లో మద్రాస్ మోటార్స్, ఇంగ్లండులోని రెడిచ్‌కు చెందిన రాయల్ ఎన్‌ఫీల్డ్ కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియాను ఏర్పాటు చేశాయి. తిరువొత్తియూర్ కర్మాగారంలో బుల్లెట్ తయారైంది. మైసూరులో ఐడియల్ జావా 1961లో ఉత్పత్తి మొదలుపెట్టి, 1973 నుంచి యెజ్డీ పేరుతో బండ్లు చేసి, 1996లో మూతపడింది. ఎస్కార్ట్స్ సంస్థ పోలండ్ నమూనా ఆధారంగా రాజ్‌దూత్ తెచ్చింది. పాల క్యాన్లు మోస్తూ పల్లె రోడ్ల మీద తిరిగిన ఈ బండ్లన్నిటికీ ఉక్కు ట్యాంకులే.

దిగుమతులకు ఆంక్షలు, కొత్త బండికి ఏళ్ల తరబడి నిరీక్షణ ఉన్న ఆ రోజుల్లో ట్యాంకు చిల్లిపడితే పారేసి కొత్తది కొనడం చాలామందికి కుదిరేది కాదు. కంపెనీ మూతపడిన బండ్లకు అసలు ట్యాంకే దొరికేది కాదు. అందువల్ల మరమ్మతు ఒక వృత్తిగా స్థిరపడింది. మెకానిక్ షెడ్డు, గ్యాస్ వెల్డింగ్ దుకాణం, టింకరింగ్ దుకాణం, రంగులేసేవాడు, గీతలు గీసేవాడు, ఇలా ఒక్క ట్యాంకు అయిదు చేతులు తిరిగి మళ్లీ బండి ఎక్కేది.

షెడ్డులో అన్నిటికంటే పాత పద్ధతి రాపిడి. ట్యాంకు విప్పి, కాక్ తీసి ఆ రంధ్రానికి బిరడా కొట్టి, లోపల కిరసనాయిలు పోసి, గుప్పెడు నట్లు కానీ సైకిల్ గొలుసు ముక్క కానీ వేసి ఊపుతారు. గలగలమనే చప్పుడు మొదట మొద్దుగా ఉంటుంది. పెంకులు రాలేకొద్దీ రేకు మోగడం మొదలవుతుంది. బయటికి వంచిన కిరసనాయిలు ఎర్రగా వచ్చినంతసేపు పని అయిపోనట్టే. గొలుసుకు ఒక లాభం ఉంది. ఒక కొస పట్టుకుని లాగితే మొత్తం బయటికి వస్తుంది. విడి నట్లు, కంకర రాళ్లు వేస్తే ఒకటి రెండు సొరంగపు గాడి పక్కన ఇరుక్కుపోతాయి. రాపిడికి హద్దు కూడా ఉంది. అతుకు మడతలోకి, గుంటల అడుగుకు అది చేరదు, లోపలి కళాయి మిగిలి ఉంటే దాన్నీ గీకేస్తుంది.

రెండో పద్ధతి బాత్రూంలు కడగడానికి అమ్మే యాసిడ్, అంటే హైడ్రోక్లోరిక్ ఆమ్లం. చవక, ఊరూరా దొరుకుతుంది, నిమిషాల్లో తుప్పు కరుగుతుంది. అందుకే షెడ్లలో ఇది ఎక్కువగా వాడుకలోకి వచ్చింది. ఎక్కువ ట్యాంకులను పాడుచేసిందీ ఇదే. తుప్పు అయిపోగానే ఆగక ఇనుమును తింటుంది, హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది. టంకం వేసిన పాత ట్యాంకుల్లో అతుకును బలహీనపరుస్తుంది. అన్నిటికంటే చెడ్డది, మడతల్లో మిగిలిపోయే క్లోరైడు. ఎన్ని నీళ్లు పోసి కడిగినా అది పూర్తిగా పోదు. కొన్ని నెలలకే అదే అతుకు వెంబడి తుప్పు మళ్లీ మొలుస్తుంది.

మెత్తని పద్ధతులు

ఫాస్ఫారిక్ ఆమ్లాన్ని నీళ్లలో కలిపి ట్యాంకు నిండా పోసి, కొన్ని గంటలు లేదా ఒక రాత్రి ఉంచడం హైడ్రోక్లోరిక్ ఆమ్లం కంటే మెరుగైన పద్ధతిగా స్థిరపడింది. ఇప్పుడు దుకాణాల్లో దొరికే రస్ట్ రిమూవర్లు చాలావరకు ఈ ఆమ్లంతోనే తయారవుతాయి. ఇంకా మెత్తనిది సిట్రిక్ ఆమ్లం, కిరాణా కొట్లలో నిమ్మ ఉప్పుగా దొరికేది అదే. 1784లో కార్ల్ షీలె నిమ్మరసం నుంచి దీన్ని వేరుచేశాడు. చక్కెర మీద బూజును పెంచి దీన్ని పెద్ద ఎత్తున తీయవచ్చని జేమ్స్ కరీ 1917లో చూపించాక చవకైంది. ఇత్తడి చెంబును చింతపండుతో తోమే ఇంటి విద్యలో ఉన్న సూత్రమే ఇందులోనూ ఉంది. పండు ఆమ్లం లోహపు ఆక్సైడును పట్టుకుని నీళ్లలోకి లాగుతుంది. గోరువెచ్చని నీళ్లలో కలిపితే పని త్వరగా అవుతుంది. ద్రావణం రంగు మారేదాకా చూస్తూ ఉండాలి, తుప్పు పోయాక అందులో ఉంచితే ఇదీ ఇనుమును కొరుకుతుంది.

కరెంటుతో తుప్పు తీసే పద్ధతి ప్రయోగశాలల నుంచి వచ్చింది. విద్యుత్ విశ్లేషణకు ఇప్పుడు వాడే పదజాలాన్ని మైకేల్ ఫారడే 1834లో స్థిరపరిచాడు. 1888లో బెర్లిన్ రాజ మ్యూజియంలలో ఫ్రెడరిక్ రాథ్‌గెన్ ఆధ్వర్యంలో ఏర్పడిన ప్రయోగశాల పురాతన లోహ వస్తువులను ఈ దారిలో శుభ్రం చేసింది. మద్రాసు ప్రభుత్వ మ్యూజియంలో 1930లలో చిలుమెక్కి దెబ్బతిన్న కంచు విగ్రహాలను ఇదే సూత్రంతో బాగుచేశారు.

ట్యాంకుకు వాడే తీరు సులువు. బట్టల సోడా కలిపిన నీళ్లను ట్యాంకు నిండా పోసి, మూత రంధ్రం గుండా ఒక మామూలు ఇనుప కడ్డీని దింపుతారు. కడ్డీ ఎక్కడా రేకును తాకకుండా రబ్బరు బిరడాతో నిలబెడతారు. బ్యాటరీ చార్జరు ధన తీగను కడ్డీకి, రుణ తీగను ట్యాంకుకు కలుపుతారు. నురగ లేస్తుంది. గంటలు గడిచేకొద్దీ ట్యాంకు మీది తుప్పు వదులై నల్లటి బురదగా మారుతుంది, కడ్డీ కరుగుతుంది. తీగలు తారుమారైతే కరిగేది ట్యాంకే. స్టెయిన్‌లెస్ స్టీల్ కడ్డీ వాడకూడదు, విషపూరితమైన క్రోమియం నీళ్లలోకి వస్తుంది. వెలువడే హైడ్రోజన్ మండే వాయువు కనుక ఆరుబయట చేయాలి. ఆరోగ్యంగా ఉన్న ఇనుమును తాకకుండా తుప్పును మాత్రమే తీయడంలో దీనికి సాటి తక్కువ. అందుకే పైరంగు పోకుండా కాపాడుకోవాలనుకునే పాత బండ్ల యజమానులు దీన్ని ఇష్టపడతారు.

చిల్లులు, ప్రమాదాలు

తుప్పు పోయాక చిల్లులు బయటపడటం మామూలే. అంతకాలం ఆ చిల్లిని మూసి ఉంచింది తుప్పే. దారిలో ట్యాంకు కారితే బట్టల సబ్బు బిళ్లను గట్టిగా రుద్ది చిల్లి మూయడం డ్రైవర్లకూ మెకానిక్‌లకూ తెలిసిన ఉపాయం. సబ్బు పెట్రోలులో కరగదు కాబట్టి ఇల్లు చేరేదాకా అది నిలుస్తుంది. శాశ్వత మరమ్మతుకు టంకం, ఇత్తడి బ్రేజింగ్, గ్యాస్ వెల్డింగ్ ఉన్నాయి. ఎంత తక్కువ వేడితో పని అయితే అంత మంచిది, ఎక్కువ వేడి తగిలితే పక్కన ఉన్న పాత టంకం, పైరంగు రెండూ పోతాయి.

ఈ వృత్తిలో ప్రాణాలు తీసిన పొరపాటు ఖాళీ ట్యాంకును సురక్షితమనుకోవడం. పెట్రోలు ద్రవంగా నిండి ఉన్న ట్యాంకు కంటే, ఖాళీ చేసిన ట్యాంకు ప్రమాదకరం. గాలిలో పెట్రోలు ఆవిరి దాదాపు 1.4 నుంచి 7.6 శాతం మధ్య ఉంటే నిప్పురవ్వకు పేలుతుంది. వంచేశాక మడతల్లో మిగిలిన చెంచాడు పెట్రోలు చాలు ఆ పాళ్లు చేరడానికి. అనుభవమున్న వెల్డర్లు సబ్బునీళ్లతో పలుమార్లు కడిగి, వెల్డింగ్ చేసే చోటు మాత్రం పైకి ఉండేలా ట్యాంకును నీళ్లతో నింపి పని మొదలుపెడతారు.

పాత మడ్డిలో మరో అపాయం సీసం. 1921లో థామస్ మిడ్జ్‌లీ అమెరికాలో టెట్రాఇథైల్ సీసం ఇంజిన్ కొట్టుకోవడాన్ని ఆపుతుందని కనిపెట్టాక, దశాబ్దాల పాటు పెట్రోలులో దాన్ని కలిపారు. భారతదేశంలో 1995లో నాలుగు మహానగరాల్లో సీసం లేని పెట్రోలు మొదలై, 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటికీ వచ్చింది. అంతకుముందు నిలిచిపోయిన బండి ట్యాంకులోని ఎండిన పొడిని పీల్చకూడదు, కడిగిన నీళ్లను మట్టిలో పారబోయకూడదు.

కడిగిన తర్వాత

తుప్పు తీయడం సగం పని. ఆమ్లంతో కడిగిన రేకు మీద ఏ రక్షణా ఉండదు. తడిగా వదిలేస్తే నిమిషాల్లో పసుపు, ఆపై నారింజ రంగు పొర లేస్తుంది. అందుకే చివరి కడుగుడు, ఆరబెట్టడం, పూత ఒకదాని వెంట ఒకటి జరగాలి. వంట సోడా నీళ్లతో ఆమ్లాన్ని విరిచి, మంచినీళ్లతో కడిగి, వేడిగాలి కొట్టి ఎండబెడతారు. వెంటనే బండి నడిపేదైతే రెండు స్ట్రోకుల ఇంజిన్ ఆయిల్ కాస్త కలిపిన పెట్రోలు పోసి, అన్ని గోడలకూ అంటేలా తిప్పుతారు. ఫాస్ఫారిక్ ఆమ్లంతో కడిగిన ట్యాంకులో మిగిలిన బూడిద రంగు పొరను గీకకుండా ఉంచుతారు.

గుంటలు ఎక్కువగా ఉన్న ట్యాంకుకు లోపల రెసిన్ పూత పోస్తారు. విమానాల రివిటు అతుకుల్లో పెట్రోలు కారకుండా లోపల పూత పోసి అటూ ఇటూ తిప్పే పనితో దీనికి దగ్గర పోలిక ఉంది. ఈ పూత నిలవాలంటే రేకు మీద నూనె, తేమ, తుప్పు ఏవీ ఉండకూడదు. ఒక్క చోట అంటకపోయినా అక్కడి నుంచి తోలులా ఊడివచ్చి కాక్‌ను మూసేస్తుంది. అప్పుడు దాన్ని తీయడం తుప్పు తీయడం కంటే కష్టం.

ఇథనాల్ కాలం

2003లో భారతదేశం కొన్ని రాష్ట్రాల్లో 5 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు మొదలుపెట్టింది. 2022లో అది 10 శాతానికి చేరింది, 2023 ఫిబ్రవరి నుంచి 20 శాతం కలిపిన పెట్రోలు బంకుల్లోకి రావడం మొదలైంది. ఇథనాల్ గాలిలోని తేమను పీలుస్తుంది. 10 శాతం ఇథనాల్ ఉన్న పెట్రోలు మామూలు ఉష్ణోగ్రతలో దాదాపు అర శాతం నీటిని తనలో కలుపుకోగలదు. అది దాటితే ఇథనాల్, నీరు కలిసి వేరుపడి అడుగున పొరగా చేరతాయి. రోజూ తిరిగే బండికి దీంతో పెద్దగా చిక్కు లేదు. నెలల తరబడి నిలిచే పాత బండికి మాత్రం ఆ అడుగు పొర తుప్పు పుట్టే చోటు అవుతుంది. పాత తరం లోపలి పూతల్లో కొన్ని, ఫైబర్‌గ్లాస్ ట్యాంకుల రెసిన్, పాత రబ్బరు పైపులు ఇథనాల్‌కు మెత్తబడతాయి. 1970లలో సరిపోయిన పూత ఇప్పుడు సరిపోకపోవడానికి కారణం ఇదే.

2021 జులైలో కేంద్ర రోడ్డు రవాణా శాఖ, తొలి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన బండ్లను వింటేజ్ వాహనాలుగా గుర్తిస్తూ నిబంధనలు తెచ్చింది. వాటికి నంబరులో వీఏ అక్షరాలు ఉంటాయి, కొత్త రిజిస్ట్రేషన్ రుసుము రూ.20,000, గడువు 10 ఏళ్లు. అసలు రూపంలో పెద్ద మార్పులు చేసిన బండికి ఆ గుర్తింపు రాదు. అలా అసలు ట్యాంకును కాపాడుకోవడం ఒకప్పుడు కొరత వల్ల వచ్చిన అవసరమైతే, ఇప్పుడు బండి విలువకు సంబంధించిన విషయమైంది.

శుభ్రం చేసిన ట్యాంకును నిలబెట్టే పద్ధతి మాత్రం పలక ట్యాంకుల కాలం నుంచీ మారలేదు. కొద్దికాలం నిలిపే బండికి మూత దాకా పెట్రోలు నింపుతారు, గాలికి చోటు లేకపోతే తేమకూ చోటుండదు. ఎక్కువకాలం నిలిపేదైతే పూర్తిగా వంచేసి, ఎండబెట్టి, లోపల పలచగా నూనె పూసి ఉంచుతారు. మూత కింది వాషర్ ఎండి పగిలితే మారుస్తారు. వానకాలానికి ముందు ఒకసారి, వానలు వెళ్లాక ఒకసారి కాక్ విప్పి, కింద తెల్లటి గిన్నె పెట్టి అడుగున చేరినదాన్ని పట్టి చూస్తారు. గిన్నెలో నీటి బొట్లు కానీ ఎర్ర పొడి కానీ లేకపోతే ట్యాంకు క్షేమంగా ఉన్నట్టే.